గారుఫల్యా నిలబడి విన్న పాట

సినిమావాళ్ళు మవ్రోలిథికి వచ్చిన తొలివారంలోనే వాళ్ళని తిట్టుకోని మనిషి ఊళ్ళో లేకుండా పోయాడు. లారీలు తిరగడానికి చోటు చాలక తాతలనాటి రాతిగోడలు పడగొట్టారు. సముద్రం మీదికి వంగిన కొండకొమ్మున చర్చి గంటగోపురమంత ఎత్తు అట్టగుడి కట్టి, దానికి నిప్పు పెట్టి, ఆర్పి, మళ్ళీ పెట్టారు. ఆ పొగకి మెటాక్సియా మేకలు బెదిరి పాలు చేపడం మానేశాయి. రెక్కల చెప్పులు తొడుక్కున్న పరదేశి హీరో నడుముకి తాడు కట్టుకుని కత్తి దూసి కొండమీంచి దూకుతుంటే, కాఫీకొట్టు అరుగు మీది ముసలాళ్ళు ఆ తాడు ఎప్పుడు తెగుతుందా అని చూస్తూ కూర్చునేవాళ్ళు. అయినా సినిమావాళ్ళు మనుషులు కావాలని అడిగేసరికి సగం ఊరు వెళ్ళి ఒంటికి బూడిద పూయించుకుని, పాతాళలోకపు ప్రేతాల వేషం కట్టింది.

మెటాక్సియా వెళ్ళలేదు. యాభైకి దగ్గరపడిన మనిషి. మొగుడు పోయినప్పటినుంచి కట్టిన నల్లబట్ట విప్పలేదు, నవ్విన ముఖం ఎవరికీ చూపించలేదు. మేకలు, ఆలివ్ చెట్లు, ఇల్లు. వారానికోసారి రొట్టె కోసం కొట్టుకి.

ఆ రొట్టెకొట్టు దగ్గరే దర్శకుడు థెమెలిస్ కంట్లో పడింది. ఏథెన్స్ మనిషి, బక్కగా, గడ్డం సగం నెరిసి ఉంటాడు. అతను కారు దిగేసరికి కొట్టు ముందు నల్లబట్టల ఆడవాళ్ళు ముగ్గురు వరసగా నిలబడి ఉన్నారు. ముందు పెద్దావిడ స్తమాతా, వెనక గారుఫల్యా, ఆ వెనక మెటాక్సియా. ఒకరి వీపు ఒకరు చూస్తూ, ఆ వీపులో కత్తి దించడానికి చోటు వెతుకుతున్నట్టు నిలబడ్డారు. థెమెలిస్ వాళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"నాకు ఈ ముగ్గురూ కావాలి" అన్నాడు.

సినిమా కథలో పాముజుట్టు రాక్షసి ఎక్కడుందో తెలిసినవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ గుడ్డి ముసలి అక్కచెల్లెళ్ళు. ముగ్గురికీ కలిపి ఒకే కన్ను. దాన్ని చేతులు మార్చుకుంటూ వంతులవారీగా లోకాన్ని చూస్తారు. హీరో పైనుంచి దూకి ఆ కన్ను లాక్కుని, దారి చెప్తే గాని ఇవ్వనంటాడు. ఈ కథ మవ్రోలిథిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"ఈ ఇద్దరి పక్కన నన్ను శవపేటికలో కూడా పడుకోబెట్టకండి" అని మెటాక్సియా రొట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రొట్టెలావిడ గోడమీంచి కేకేసి చెప్పింది. "గారుఫల్యా ఒప్పుకుందట. స్తమాతా కూడా. నువ్వే భయపడ్డావని చెప్పుకుంటున్నారు."

"భయమా? నాకా?"

"నేనెందుకంటానమ్మా. ఊరంటోంది."

ఆ సాయంత్రమే మెటాక్సియా వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టింది. తర్వాత తెలిసింది, ఆ మిగతా ఇద్దరికీ రొట్టెలావిడ అదే మాట చెప్పిందని.

*

ముగ్గురూ ఒక్క ఇంటివాళ్ళే. స్తమాతా మెటాక్సియాకి తోడికోడలు, పెద్ద బావగారు దికేయోస్ భార్య. గారుఫల్యా ఆడపడుచు. ఆడపడుచు అర్ధమొగుడంటారు. గారుఫల్యా మొగుడికి పైమెట్టే. ఒకప్పుడు మూడిళ్ళకీ ఒకటే వాకిలి, ఒకటే రొట్టెల పొయ్యి.

మెటాక్సియా మొగుడు లికూర్గోస్ ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఒక మాఘమాసపు పొద్దున అన్నతో కలిసి చేపలకి వెళ్ళాడు. దక్షిణపు గాలి లేచింది. పడవలో దికేయోస్ ఒక్కడే తిరిగివచ్చాడు, రెండు అరచేతులూ తాడు కోసుకుపోయి నెత్తురు ఓడుతూ. తమ్ముడు అలకి కొట్టుకుపోయాడన్నాడు. ఆ తర్వాత ఆయన ఎక్కువ మాట్లాడలేదు. రెండేళ్ళు కూడా బతకలేదు.

శవం దొరకలేదు. ఖాళీ చొక్కా పరిచి శోకాలు పెట్టారు. మవ్రోలిథిలో శోకం అంటే ఉత్త ఏడుపు కాదు. చచ్చినవాడి ముందు నిలబడి ఆడది పాటగా పాడిన మాటే న్యాయం, అదే తీర్పు. అందులో పేరెత్తినవాళ్ళు చివరిదాకా కదలకుండా నిలబడి వినాలి. బదులు చెప్పాలంటే పాటలోనే చెప్పాలి. గారుఫల్యా అంత గొంతు ఆ కొండల్లో ఇంకొకరికి లేదు. ఆ రోజు మెటాక్సియా నోరు తెరవకముందే ఆమె ఎత్తుకుంది.

"ఇంట్లో ఈటెలాంటి నోరుంటే ఏ మగాడు ఇంటిపట్టున ఉంటాడు, సముద్రమే మెత్తనని వెళ్ళాడు నా తమ్ముడు..."

ఊరంతా మెటాక్సియా వైపు తిరిగింది. ఆమె బదులు పాడలేకపోయింది. ఎందుకంటే ఆ పొద్దున నిజంగానే మొగుడితో గొడవపడింది. దొడ్డి తలుపు గడియ బాగుచెయ్యలేదని, మేకలు పక్కవాళ్ళ చేలో పడ్డాయని, "నువ్వున్నా ఒకటే లేకపోయినా ఒకటే" అంది. ఆయన మాట్లాడకుండా కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆడపడుచు పాట ఆ మాట మీద మేకులా దిగింది. అప్పటినుంచి పొయ్యి వేరు, వాకిలి వేరు. ఎదురుపడితే ఉమ్మి దాటిపోవడమే. మొగుడికి తను శోకం పెట్టనేలేదన్నది మెటాక్సియా కడుపులో కత్తిలా ఉండిపోయింది.

*

షూటింగ్ సముద్రపు గుహలో. గోడలకి నాచులా రంగులు పూశారు. ఒక పక్క మనిషెత్తు పంకాలు, పొగ యంత్రాలు, పైన హీరో వేలాడడానికి కప్పీలూ తాళ్ళూ. వెనక రాళ్ళ మీద బూడిద పూసుకున్న ఊరివాళ్ళు ప్రేతాల్లా కూర్చున్నారు. మేకప్ పిల్ల ముగ్గురి కళ్ళమీదా రబ్బరు తోలు అంటించింది. అంటించాక ముగ్గురికీ ఏమీ కనపడదు.

ఫైట్ మాస్టర్ సరాంతోస్ పర్వతంలాంటి మనిషి. వాళ్ళమ్మ పుట్టిల్లు ఈ కొండల అవతలే. పొద్దున్నే ముగ్గుర్నీ చూడగానే విషయం ఏమిటో సగం అర్థమైపోయింది అతనికి. రబ్బరు అంటించకముందే గాజుకన్ను తెచ్చి చూపించాడు. పెంకు తీసిన గుడ్డంత ఉంది, లోపల చిన్న దీపం వెలుగుతోంది.

"చూడండమ్మా. ఈ కన్ను చిన్నమ్మ చేతిలోంచి నడిపమ్మ చేతికి, అక్కణ్ణుంచి పెద్దమ్మ చేతికి. మళ్ళీ వెనక్కి. నేను చిటికె వేసినప్పుడు పెద్దమ్మ చెయ్యి చాపుతుంది, పైనుంచి హీరో దిగి లాక్కుంటాడు. తర్వాత ముగ్గురూ తడుముకుంటూ కేకలు పెట్టాలి. అంతే."

"ఆవిడతో చెప్పండి" అంది గారుఫల్యా, మెటాక్సియా వైపు చూడకుండానే. "నా చేతికి ఆవిడ చెయ్యి తగలకుండా పెట్టమనండి."

"నేను అంటుకుంటే స్నానానికి ఊళ్ళో నీళ్ళు చాలవని చెప్పండి" అంది మెటాక్సియా.

"నోరింకా అలాగే ఉందా అని అడగండి."

"మొగుణ్ణి మింగిన నోరు కదా, ఎక్కడికి పోతుందని చెప్పండి. ఆ మాట పాట కట్టింది తనే కదా!"

సరాంతోస్ రెండు చేతులూ ఎత్తేశాడు. "అమ్మా, నేను ఫైట్లు నేర్పేవాణ్ణి. టపా బంట్రోతుని కాదు."

స్తమాతా రాయి మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. ఆవిడ మాట్లాడగా విని ఊరికి చాలా కాలమైంది.

కన్ను చేతులు మారలేదు. ఒకసారి మెటాక్సియా వదిలేసింది, ఒకసారి గారుఫల్యా పట్టుకోలేదు. రెండుసార్లూ అది రాళ్ళమీద దొర్లి ప్రేతాల కాళ్ళ మధ్యకి పోయింది. ప్రేతాలు నవ్వాయి. థెమెలిస్ మాత్రం విసుక్కోలేదు. ఆ ఇద్దరి మధ్యా ఉన్నదాన్ని చూసి, ఆకలితో ఉన్నవాడు అన్నాన్ని చూసినట్టు పెదాలు తడుపుకున్నాడు.

"అరుపుల్లో ఏం మాటలనాలి?" అని సరాంతోస్ అడిగాడు.

"ఏమైనా అననీ. కడుపులో ఉన్నదంతా అననీ. నేను ఆపేదాకా ఎవరూ ఆపకండి" అన్నాడు థెమెలిస్.

*

పంకాలు తిరిగాయి. పొగ కమ్ముకుంది. రబ్బరు కింద మెటాక్సియాకి చీకటి, అలల హోరు, పంకాల హోరు. చేతిలో కన్ను వెచ్చగా ఉంది. దాన్ని పక్కకి చాచింది. గారుఫల్యా వేళ్ళు వచ్చి తగిలాయి. కన్ను తీసుకోకుండా ఆ వేళ్ళు ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాయి. గోళ్ళు దిగాయి.

"ఇంత జాగ్రత్తగా చెయ్యి పట్టుకుని ఉంటే నా తమ్ముడు బతికేవాడే" అంది గారుఫల్యా ఆమె చెవిలో.

మెటాక్సియా కన్ను విసిరేసింది. అది ఎక్కడో పగిలిన చప్పుడైంది. రెండు చేతులతో చీకట్లోకి దూకి దొరికింది దొరికినట్టు పట్టుకుంది. తలగుడ్డ, దాని కింద జుట్టు, దాని కింద మెడ. ఇద్దరూ రాళ్ళమీద పడ్డారు. సరిగ్గా అప్పుడే హీరో రెక్కల చెప్పులతో పైనుంచి దిగాడు. లాక్కోవడానికి కన్ను లేదు. గారుఫల్యా మోచెయ్యి దవడకి తగిలి, అతను తాడుమీద బొంగరంలా తిరుగుతూ తన భాషలో ఏదో దేవుణ్ణి పిలిచాడు. ఎవరూ పట్టించుకోలేదు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

"చంపు! నన్ను కూడా చంపు! ఒకణ్ణి పంపావుగా!" అని గారుఫల్యా అరుస్తోంది.

"నేనా పంపింది? నేనా?"

"నీ మాటే పంపింది! ఊరంతా తెలుసు!"

"చాలు!"

ఆ కేక స్తమాతాది. గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది. ఆవిడ తడుముకుంటూ నిలబడింది.

"చాలు గారుఫల్యా! ఇంకా ఎన్నాళ్ళు తింటావు దాన్ని? ఆ పొద్దున మా వాకిట్లోకి వచ్చింది నువ్వు. కూతురి నిశ్చితార్థం విందు, పెళ్ళివారు పట్నం నుంచి వస్తున్నారు, పెద్ద చేప లేకపోతే పరువు పోతుందని కూర్చున్నది నువ్వు. దక్షిణపు గాలి లేస్తోంది, ఇవాళ వద్దని మా ఆయన నెత్తీనోరూ కొట్టుకుంటే 'మీరూ మగాళ్ళేనా' అన్నది నువ్వు! అది విని లికూర్గోస్ పడవ తోశాడు. వాణ్ణి ఒంటరిగా పంపలేక మా ఆయన ఎక్కాడు."

"అబద్ధం" అంది గారుఫల్యా. కాని ఆ మాటలో గొంతు లేదు.

"మా ఆయన చచ్చేముందు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. తమ్ముడు ఎలాగూ పోయాడు, చెల్లెల్ని కూడా ఊరి నోట్లో వెయ్యొద్దని. మోశాను. ఇంక నావల్ల కాదు."

మెటాక్సియా చేతులు గారుఫల్యా మెడ మీదే ఉన్నాయి. వేళ్ళ కింద నరం కొట్టుకుంటోంది. ఇంకొంచెం నొక్కితే చాలు, ఆపేవాళ్ళు కూడా లేరు. ఇన్నేళ్ళూ ప్రతి పొద్దునా దొడ్డి గడియ వెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా తను అన్న మాట తనకే వినపడేది. ఆ మాట మోసుకునే మొగుడు సముద్రంలోకి పోయాడనుకుంది. అతను వెళ్ళింది అక్క మాట పడలేక. తన మాట, ఏ ఇంట్లోనైనా పొద్దున్నే పుట్టి సాయంత్రానికి చచ్చిపోయే మాట.

చేతులు వదిలేసింది.

"కట్!" అని థెమెలిస్ చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! ఇలాంటిది డబ్బు పోసినా దొరకదు! కొత్త కన్ను తెండి. ఇంకోసారి!"

పంకాలు ఆగాయి. గుహలో నీటి చప్పుడొక్కటే మిగిలింది. మేకప్ పిల్ల పరిగెత్తుకొచ్చి మెటాక్సియా కళ్ళమీది రబ్బరు చెదిరిందేమోనని చెయ్యి వేసింది. మెటాక్సియా ఆ చెయ్యి తోసేసి లేచి నిలబడింది. తలగుడ్డ విప్పి రెండు చేతులతో పట్టుకుంది. శోకం ఎత్తుకునే ముందు ఆడది చేసే పని అదని ఊరివాళ్ళకి తెలుసు. వెనక రాళ్ళమీద ప్రేతాలన్నీ ఒక్కొక్కటే లేచి, తలలమీది సవరాలు తీసేసి నిలబడ్డాయి.

ఆమెకి గారుఫల్యా గొంతు లేదు. మేకల్ని అదిలించే గొంతు. దాంతోనే ఎత్తుకుంది.

"లికూర్గోస్, నా ఉప్పునీటి మగడా,
నీకు నురగే దుప్పటి కప్పింది, నీకు మెరుపే దీపం పెట్టింది.
ఇంటి గొడవ గడప దాటలేదు, నా మాట నీ పడవ ఎక్కలేదు.
నీ వెనక వచ్చింది నీ అక్క మాట, విందులోకి చేప కోరిన మాట.
గాలి చూసి అన్న వద్దన్నాడు, మగతనం అడిగింది గారుఫల్యా.
చేప రాలేదు, నువ్వు రాలేదు, నింద మాత్రం నా ఇంటికొచ్చింది.
ఖాళీ చొక్కా మీద పాట కట్టి, నా నోటికి తాళం వేసింది.
ఇవాళ తీశాను తాళం, వినండి: నా మగణ్ణి తిన్నది సముద్రం,
వడ్డించింది గారుఫల్యా."

"తిప్పండి, కెమెరా తిప్పండి!" అని థెమెలిస్ గుసగుసగా గదమాయించాడు. కెమెరా మనిషి వంగాడు. సరాంతోస్ రెండంగల్లో వచ్చి తన అరచేతితో అద్దం మూసేశాడు.

"తియ్యి చెయ్యి!"

"తియ్యను. అది చచ్చినవాళ్ళ పాట. దాన్ని అమ్ముకోకూడదు."

"నీకు రేపటినుంచి పని లేదు!"

"ఇవాళ్టినుంచే లేదనుకోండి" అన్నాడు సరాంతోస్, చెయ్యి తియ్యకుండా.

గారుఫల్యా నిలబడి ఉంది. కళ్ళమీద రబ్బరు, చిరిగిన జాకెట్టు, మెడమీద వేళ్ళ గుర్తులు. పాట అయ్యేదాకా అడుగు కదపలేదు. కదిలితే ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇక ఆమె వంతు. ఊరంతా ఎదురుచూసింది. ఎన్ని చావుల్లోనో, ఎవరి నోరైనా మూయించిన గొంతు అది. ఆమె ఊపిరి తీసుకుంది, నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చివరికి తనే గోళ్ళతో రబ్బరు పీకేసుకుని, దాంతోపాటు కనుబొమ్మల వెంట్రుకలు కూడా ఊడి నెత్తురు చిమ్ముతుంటే, గుహ బయటికి నడిచింది. ప్రేతాలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఒక్కరూ పలకరించలేదు.

*

మేకప్ డేరాలో స్తమాతా ముఖం కడుక్కుంటూ అంది. "మెటాక్సియా, ఇప్పటికైనా గుండె తేలికపడిందా?"

"నువ్వు మాట్లాడకక్కా."

"నేనేగా చెప్పింది. నేను చెప్పకపోతే..."

"నువ్వు చెప్పకపోవడం వల్లే ఇన్నేళ్ళు. రొట్టెకొట్టు దగ్గర నా ముందు నిలబడేదానివి. నీకు తెలుసు. నాకు తెలియదని కూడా తెలుసు. అలాగే రొట్టె కొనుక్కుని పోయేదానివి."

"ఒట్టు వేశానే..."

"మొగుడికిచ్చిన ఒట్టు మొగుడితోనే పాతెయ్యాల్సింది. లేదా ఆ రోజే చెప్పాల్సింది. నువ్వు రెండూ చెయ్యలేదు."

స్తమాతా తువాలుతో ముఖం కప్పుకుంది. మెటాక్సియా ఆవిణ్ణి ఓదార్చలేదు. బట్టలు మార్చుకుని కొండెక్కింది.

మూడురోజులకి ఆ శోకం చుట్టుపక్కల ఊళ్ళన్నీ చుట్టింది. నూనె మిల్లు దగ్గర పాడారు, చేపల రేవులో పాడారు. గారుఫల్యా పొలానికి ఏళ్ళుగా వచ్చే కూలీలు నడుం నొప్పన్నారు, జ్వరమన్నారు. రొట్టెలావిడ ఆమెకి రొట్టె ఇచ్చేటప్పుడు చేతికివ్వకుండా బల్లమీద పెట్టింది. ఇదంతా గోడమీంచి మెటాక్సియాకి ఎప్పటికప్పుడు చేరుతోంది. వింటే సంతోషం కలుగుతుందనుకుంది. కలగలేదు. ఆకలి తీరాక కూడా నములుతున్నట్టుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక గారుఫల్యా వచ్చింది. దొడ్డి తలుపు దగ్గర ఆగింది, లోపలికి రాలేదు. కనుబొమ్మల మీద పొక్కులు కట్టి ఉన్నాయి.

"మరదలా."

మెటాక్సియా మేక పొదుగు వదలకుండా అంది. "నిన్ను ఇక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"బతిమాలడానికి రాలేదు. చేప కావాలన్నాను. ఆ మాటా అన్నాను. సముద్రం అలా చేస్తుందని నాకేం తెలుసు? నా చేత్తో పెంచాను వాణ్ణి."

"తెలియకపోవడం తప్పు కాదు వదినా. తెలిశాక నా మీద వెయ్యడం తప్పు. ఖాళీ చొక్కా ముందు నిలబడి, ఇంకా ఏడవకుండానే, తూచి తూచి వేశావు."

గారుఫల్యా గోడరాయి పట్టుకుంది. "నీ మీద వెయ్యకపోతే నా మీద పడేది. అంతే. ఇంతకంటే చెప్పడానికి నాదగ్గర లేదు." మళ్ళీ అంది. "నా కూతురు ఫోను చేసింది. పాట దానిదాకా వెళ్ళింది. నా నిశ్చితార్థం విందుకే మామయ్య చచ్చిపోయాడా అమ్మా అని అడుగుతోంది. అన్నం తినడం లేదట. ఆ విందు మాట తీసేసి పాడు. నన్నేమైనా అనుకో. దాన్ని వదిలెయ్యి."

"పాట నోరు దాటాక కట్టినదాని సొత్తు కాదు. ఈ ఊరికి ఆ సంగతి చెప్పింది నువ్వే."

"నువ్వు తల్చుకుంటే..."

"నీ కూతురి పేరు అందులో పెట్టలేదు నేను" అంది మెటాక్సియా. ఇప్పుడు లేచి నిలబడింది. "నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వెళ్ళి దానికి ఆ మాట చెప్పు. విందు కోరింది నువ్వు, అది కాదని చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పు. నీ కోసం నేను అంతవరకే చెయ్యగలను. ఇంకోసారి ఈ తలుపు దగ్గరికి రాకు."

గారుఫల్యా ఆమె ముఖంలోకి చూసింది. తలగుడ్డ ముందుకు లాక్కుని దిగువకి నడిచింది.

సముద్రం మీది కొండకొమ్మున సినిమావాళ్ళు అట్టగుడిని మళ్ళీ తగలబెడుతున్నారు. పొగ వాసనకి మేక కాలు జాడించింది. మెటాక్సియా దాని మెడ నిమిరి, తిట్టి, మళ్ళీ పాలు పితకడం మొదలుపెట్టింది.